బిల్లు మేం కడతాం, స్విచ్ మీ చేతిలో ఉంది: తిరుపతి బిల్డింగ్ ఓనర్లకు బహిరంగ లేఖ

తిరుపతిలో షాపులకి, లాడ్జీలకి, ఆఫీసులకి బిల్డింగులు బాడుగకిచ్చే ఓనర్లందరికీ,

నమస్కారం. మీరిచ్చిన జాగాలోనే మా బతుకు నడుస్తా ఉంది, ఆ మాట మర్చిపోయే మనుషులం కాదు. అది చెప్పేశాను కాబట్టి ఇంక విషయానికి వస్తా.

నేను బస్టాండ్ వెనక వీధిలో ఒక బిల్డింగ్‌లో పై రెండు అంతస్తులు లీజుకి తీసుకుని పద్నాలుగు రూముల లాడ్జి నడుపుతున్నా, ఇది తొమ్మిదో ఏడు. మొదటి అంతస్తులో ఒక ట్యూషన్ సెంటర్, ఒక పళ్ళ డాక్టర్. కింద ఖాళీగా ఉన్నది ఒకటి పోగా ఆరు షాపులు, అందులో మెడికల్, జిరాక్స్, టైలరింగ్, టిఫిన్ సెంటర్ లాంటివి. మొత్తం తొమ్మిది మందిమి. కరెంట్ ఖర్చు తగ్గించుకునేదానికి చిన్న చిన్న పనులు చేసుకుంటాం, పర్మిషన్ ఇవ్వండి అని మూడేళ్ళలో మా ఓనర్‌కి నాలుగు సార్లు రాసిచ్చాం, రెండు సార్లు ఇంటికి పోయి కూర్చున్నాం. కాఫీ ఇచ్చారు. "చూద్దాంలేప్పా" అన్నారు. ఆ చూద్దాం ఇంకా నడుస్తానే ఉంది. ఆయన పేరు నేను రాయను, మనిషి చెడ్డోడు కాదు, పైగా చుట్టుపక్కల వీధుల్లో అడిగి చూస్తే అందరి కథా ఇదే, అందుకే ఒకరికి కాకుండా మీ అందరికీ రాస్తున్నా.

మాట సూటిగా చెప్పాలంటే ఇంతే. కరెంట్ బిల్లు కట్టేది మేము, కానీ గోడకి మేకు కొట్టాలన్నా మిమ్మల్ని అడగాలి. మార్చే అధికారం మీది, కానీ ఆ బిల్లు ఒక్క రూపాయి కూడా మీ జేబులోంచి పోదు. అందుకని మీకు తొందర లేదు, మాకు దారి లేదు. డబ్బులు మాత్రం ఇద్దరి మధ్యలో కాలిపోతా ఉన్నాయి.

ఆ బిల్లులో లైట్ల ఖర్చూ ఉంది, హీటింగ్ ఖర్చూ ఉంది. మన ఊర్లో హీటింగ్ ఖర్చు ఏందబ్బా, మే నెలలో 42 డిగ్రీలు కాస్తాది కదా అని నవ్వుకునేవాళ్ళు ఉంటారు. రూం హీటర్ల సంగతి కాదు నేను చెప్పేది, వేడినీళ్ళ సంగతి. కొండకి పోయే మనిషి స్నానం చేయకుండా పోడు. ఎండాకాలమైనా పొద్దున మూడు గంటలకి పిల్లలకి, ముసలోళ్ళకి వేడినీళ్ళు అడుగుతారు, కొండ మీద గుండు కొట్టించుకుని దిగొచ్చినోళ్ళు మళ్ళీ తలకి పోసుకోవాలంటారు. చిన్న లాడ్జికి బాడుగ, జీతాల తర్వాత పెద్ద ఖర్చు నీళ్ళు కాచేదే.

ఇప్పుడు ఒక్కొక్కటి చెప్తా.

1. ముందు హోర్డింగ్ సంగతి.

మా బిల్డింగ్ ముందు వైపు మొదటి అంతస్తు, రెండో అంతస్తు కిటికీలకి అడ్డంగా పెద్ద హోర్డింగ్ ఉంది. దాని బాడుగ ఓనర్‌కి పోతుంది, అది ఆయన ఆస్తి, ఆయన ఇష్టం, మేం కాదనం. కానీ దానివల్ల ట్యూషన్ సెంటర్‌లో మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైట్ వేసుకోవాలి, బయట ఎండ మండిపోతా ఉంటుంది, లోపల పిల్లలు లైటు కింద లెక్కలు చేసుకుంటా ఉంటారు.

అసలు కథ అది కాదు. పోయిన ఏడాది ఒక రాత్రి పదకొండప్పుడు మెట్ల దగ్గర ఒక ట్యూబ్‌లైట్ పట్టీలోంచి వైరు కాలిన వాసన వస్తే నేనే స్టూల్ వేసుకుని ఎక్కి, ముందు జాగ్రత్తగా కామన్ లైన్ మెయిన్ దించాను, అంటే మెట్లు, వరండాల లైట్లకి అందరం కలిసి డబ్బు కట్టే లైన్. మెట్ల లైట్లు ఆరిపోయినాయి, సరే. రోడ్డు మీద టీ తాగుతున్న ఆటో అతను "అన్నా, హోర్డింగ్ ఆరిపోయిందే" అన్నాడు. బయటికొచ్చి చూస్తే నిజమే, మొత్తం చీకటి. మెయిన్ ఎత్తితే వెలిగింది, దించితే ఆరింది. మూడు సార్లు చేసి చూశా నమ్మలేక. పావుగంటలో ఓనర్ ఫోన్, "లైట్లు ఎందుకు ఆపినావు?" అని. మూడేళ్ళలో ఆయనంతట ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

అంటే హోర్డింగ్‌కి కొట్టే నాలుగు ఫోకస్ లైట్లు మా కామన్ మీటర్ మీద ఉన్నాయి. ఒక్కోటి 400 వాట్ల పాత లైటు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా, అంటే రోజుకి 19 యూనిట్ల పైన, నెలకి 576. లెక్క సులువుగా ఉండేదానికి యూనిట్ 10 రూపాయలే అనుకుందాం, నెలకి 5,760, ఏడాదికి 69 వేలు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా బిల్లుతో ఎవరిదో నగల ప్రకటన తెల్లార్లూ వెలుగుతా ఉంది. దీనికి మీటర్ వేరే పెట్టండి, లేదంటే హోర్డింగ్ వాళ్ళ దగ్గరే వసూలు చేసుకోండి. ఇది ఖర్చు తగ్గించే సలహా కూడా కాదు, న్యాయం అడుగుతున్నాం.

2. మెట్ల లైట్లు, వరండా లైట్లు.

మాకు మెట్లకి, వరండాలకి కలిపి ఇరవై పాత ట్యూబ్‌లైట్లు. లావు ట్యూబ్, రాగి చోక్, స్టార్టర్. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్నప్పుడు నిలబడి వింటే చోక్ గుయ్యిమని మోగుతా ఉంటుంది, చెయ్యి పెడితే కాలుతుంది, ఆ మోతా ఆ వేడీ కూడా మన మీటర్‌లోంచే పోతుంది. ట్యూబ్ 40 వాట్లే అయినా చోక్‌తో కలిపి 50 దాటుతుంది, 52 అనుకోండి. అదే వెలుతురు ఇచ్చే ఎల్‌ఈడీ పట్టీ 20 వాట్లు. మా మెట్లలో పగలు కూడా చీకటే కాబట్టి రోజుకి 18 గంటలు వెలుగుతాయి. ఇప్పుడు నెలకి 560 యూనిట్లు. ఎల్‌ఈడీ అయితే 216. నెలకి 3,400 మిగులు. పట్టీ ఒక్కోటి 300 వేసుకున్నా ఇరవైకి 6,000, రెండు నెలల్లో డబ్బులు వెనక్కి.

మేం కొంటాం, మేం మారుస్తాం అన్నా కూడా "వైరింగ్ ముట్టుకోవద్దు" అన్నారు. వైరింగ్ భయం మాకూ ఉంది, అందుకే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయిస్తాం అని రాసిచ్చాం కూడా. ఇక్కడ ఒక మాట, కొన్ని బిల్డింగుల్లో పాత పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబ్ దూర్చి చోక్ అట్లాగే వదిలేస్తున్నారు, అది చేయొద్దు, చోక్ తీసేయాలి, లేకపోతే అది తినేది తింటానే ఉంటుంది. మారిస్తే పట్టీ మొత్తం మార్చాలి.

ఎల్‌ఈడీ ఖరీదు అనే రోజులు పోయినాయి. 2014లో ప్రభుత్వం హోల్‌సేల్‌గా 300 పైన పెట్టి కొన్న బల్బు, 2016కి 40 రూపాయల లోపుకి దిగింది, ఉజాలా పథకంలో ఇంటింటికీ పంచారు. మీ ఇళ్ళలో అన్నీ ఎల్‌ఈడీలే ఉన్నాయి, కాఫీ తాగినప్పుడు చూశాను. బిల్డింగ్‌లో మాత్రం చోక్‌లు.

3. వేడినీళ్ళు, గీజర్లు, మిద్దె.

పద్నాలుగు రూముల్లో పద్నాలుగు గీజర్లు, 15 లీటర్లవి, ఒక్కోటి 2 కిలోవాట్లు. దర్శనం టోకెన్ల కోసం విష్ణునివాసం దగ్గర, శ్రీనివాసం దగ్గర క్యూలో ముందు నిలబడాలని అందరూ ఒకే టైంకి లేస్తారు. అన్నీ ఒకేసారి వేస్తే 28 కిలోవాట్లు. మెయిన్ ట్రిప్ అవుతుంది. ఒక జనవరిలో ట్రిప్ అయి, ఎత్తితే మళ్ళీ పడి, ఆఖరికి మా రూం బాయ్ కింద టిఫిన్ సెంటర్ గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాచి బక్కెట్లు మూడో అంతస్తుకి మోశాడు. మదనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ, మోకాళ్ళ నొప్పులతో, అంత పొద్దున మెట్ల మీద కూర్చుని బక్కెట్ కోసం ఎదురు చూసింది, "పర్లేదు నాయనా, సామి చూసుకుంటాడులే" అంది, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఓనర్‌కి చెప్తే "ఒకరి తర్వాత ఒకరు పోసుకోమను" అన్నారు.

దానికి తోడు మన బోరు నీళ్ళు. గీజర్ విప్పి కాయిల్ బయటికి తీస్తే దాని మీద తెల్లగా ఉప్పు పేరుకుని వేలు లావు ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. వేడి ఆ పెచ్చు దాటుకుని నీళ్ళలోకి పోవాలి, అందుకే కాగేదానికి ఎక్కువసేపు పడుతుంది, కాయిల్ కూడా తొందరగా కాలిపోతుంది. మేం ఆరు నెలలకి ఒకసారి తీయించి కడిగిస్తున్నాం, థర్మోస్టాట్ 50కి తగ్గించాం. మా చేతిలో ఉన్నంత వరకు చేశాం.

మిగిలింది మిద్దె మీద సోలార్ వాటర్ హీటర్. నీళ్ళు కాచే లెక్క ఎక్కడైనా ఒకటే, 100 లీటర్ల నీళ్ళని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే దాదాపు 2.9 యూనిట్లు పడుతుంది, ఏ కంపెనీ గీజర్ అయినా అంతకంటే తక్కువలో కాచలేదు. మాకు పది రూములు నిండితే రూముకి ముగ్గురు, మనిషికి పాతిక లీటర్లు, 750 లీటర్లు. రోజుకి దాదాపు 22 యూనిట్లు, నెలకి 650. అంటే 6,500 రూపాయలు. 1,000 లీటర్ల సిస్టమ్‌కి నాకు లక్షా అరవై వేలకి కొటేషన్ ఇచ్చారు. వానల్లో మబ్బు రోజులు, గొట్టంలో పోయే వేడి అన్నీ తీసేసినా రెండున్నర, మూడేళ్ళలో డబ్బులు తిరిగొస్తాయి. పొద్దున మూడుకి ఎండ ఎక్కడిది అని ఓనర్ అడిగారు, మంచి ప్రశ్నే, ముందురోజు ఎండకి కాగిన నీళ్ళు ఇన్సులేషన్ ఉన్న ట్యాంకులో రాత్రంతా వేడిగానే ఉంటాయి, కొద్దిగా తగ్గుతాయి అంతే. గొట్టాలకి కూడా ఇన్సులేషన్ తొడగాలి, లేకపోతే మొదటి బక్కెట్ చల్లనీళ్ళు ఊరికే పారబోసుకోవాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

డబ్బు మాదే పెడతామన్నాం. మిద్దె మీద ఒక మూల జాగా అడిగాం. "స్లాబ్ లీకవుతుంది" అన్నారు. అదే స్లాబ్ మీద హోర్డింగ్ ఇనుప కమ్మీలు బోల్టులతో బిగించి ఉన్నాయి! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, ఎండ మన తిరుపతికి దేవుడిచ్చిందే, మధ్యలో మిద్దె తాళం చెవి అడ్డం.

కొండ మీద చూడండి, 2002లోనే అన్నదానం వంటకి సూర్యుడి వేడితో ఆవిరి పుట్టించే ఏర్పాటు చేశారు, 106 పెద్ద డిష్‌లతో. వేల మందికి అన్నం వండేదానికి పనికొచ్చిన ఎండ, కింద మా పద్నాలుగు బక్కెట్లకి పనికిరాదా?

మిద్దె ఇవ్వడం కుదరనే కుదరదు అంటే హీట్ పంప్ అని ఉంటుంది, ఏసీని తిరగేసినట్టు పనిచేస్తుంది, గాల్లో వేడి లాక్కుని నీళ్ళకి ఇస్తుంది, గీజర్‌కి పట్టే కరెంట్‌లో సుమారు మూడో వంతుతో అవే నీళ్ళు కాగుతాయి. ఖరీదు ఎక్కువ. దానికైనా వెనక సందులో జాగా కావాలి, అదీ మీరే ఇవ్వాలి.

4. మీటర్లు, కరెంట్ రేటు స్లాబులు.

మొత్తం బిల్డింగ్‌కి ఒకటే సర్వీస్, ఓనర్ పేరు మీద. మాకందరికీ సబ్ మీటర్లు, యూనిట్‌కి 12 రూపాయలు అని ఫ్లాట్ రేటు. అసలు బిల్లు ఎంత వచ్చిందో ఇప్పటిదాకా ఒక్క నెల కూడా మేం చూడలేదు. కామన్ అని తలా 1,500 దాకా వేరే.

కమర్షియల్ కేటగిరీలో వాడకం పెరిగే కొద్దీ పై స్లాబ్, పై రేటు. తొమ్మిది మంది వాడకం ఒకే మీటర్‌లో పడితే ఆ మీటర్ మొదటి వారం తిరక్కముందే పై స్లాబ్‌లోకి పోతుంది. అదే ఎవరి మీటర్ వాళ్ళకుంటే చిన్న షాపులకి నెలంతా కింది స్లాబుల్లోనే అయిపోతుంది.

మా టైలర్ అక్క సంగతి చెప్తా. ఒక మిషన్, రెండు లైట్లు, ఒక ఫ్యాన్, నెలకి 65 యూనిట్లు. 780 రూపాయలు తన వాడకం, 1,500 కామన్. మెట్లు ఎక్కాల్సిన పనే లేదు ఆమెకి, షాపు రోడ్డు మీదే ఉంది. అయినా తన కరెంట్ కంటే మెట్ల కరెంట్, హోర్డింగ్ కరెంట్ రెండింతలు కడుతుంది. ఒక జాకెట్ కుట్టేదానికి ఆమె ఎంత తీసుకుంటుందో మీ ఇంట్లో ఆడవాళ్ళని అడగండి, ఆ 1,500కి ఎన్ని జాకెట్లు కుట్టాలో తెలుస్తుంది.

2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్‌లో ఓనర్ గానీ, జాగాలో ఉండేవాళ్ళు గానీ కనెక్షన్ అడగొచ్చని ఉంది. కానీ ప్యానెల్ బోర్డు పెట్టే గోడ మీది, కేబుల్ పోయే దారి మీది. మీతో గొడవ పెట్టుకుని కరెంట్ తెచ్చుకుని అదే బిల్డింగ్‌లో ఎట్లా ఉంటాం?

ఇంకోటి, కాంట్రాక్టెడ్ లోడ్, అంటే బిల్డింగ్‌కి ఇన్ని కిలోవాట్లు కావాలని కరెంట్ ఆఫీసులో రాయించుకున్న లెక్క. మా బిల్డింగ్‌లో ఒకప్పుడు పెద్ద బట్టల షోరూం ఉండేదంట, సెంట్రల్ ఏసీతో. వాళ్ళు పోయి ఎన్నో ఏళ్ళయింది, వాళ్ళ కోసం పెంచిన లోడ్ మాత్రం అట్లాగే ఉంది. వాడినా వాడకపోయినా కిలోవాట్‌కి ఇంత అని ఫిక్స్‌డ్ ఛార్జీ పడుతుంది. వేడినీళ్ళు సోలార్‌కి మారితే గీజర్ల లోడ్ కూడా పోతుంది, అప్పుడు లోడ్ తగ్గించమని అప్లికేషన్ పెట్టొచ్చు, కానీ సంతకం సర్వీస్ ఎవరి పేరు మీదుంటే వాళ్ళదే.

5. మా తప్పులు కూడా ఉన్నాయి.

అన్నీ మీ మీద వేసేస్తే అన్యాయం. రూం ఖాళీ అయినాక గీజర్ ఆపకుండా వదిలేసేది మా బాయ్‌లే, ఇప్పుడు చెక్ అవుట్ లిస్టులో రాయించాం. ఏసీ 18లో పెట్టి రెండు దుప్పట్లు కప్పుకునే పార్టీలని నేనే మార్చలేకపోతున్నా. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలయ్యేట్టు రూల్ వచ్చింది, డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంట్ మిగులుతుందని అంచనా, అయినా రిమోట్ వాళ్ళ చేతిలో ఉంటుంది. ఫ్యాన్లు మాత్రం సగం మార్చాను, పాతవి 75 వాట్లు, తక్కువ కరెంట్ తినే కొత్తరకం బీఎల్‌డీసీ మోటార్‌వి 30 లోపు. అవి నా సొంత ఫ్యాన్లు కాబట్టి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది, అందుకే ఆ పని అయింది!

6. పై అంతస్తు.

చిన్నదే కానీ చెప్పాలి. మిద్దెకి తెల్ల కోటింగ్, లేదంటే కనీసం సున్నం. ఎండాకాలంలో మా మూడో అంతస్తు స్లాబ్ రాత్రి పదింటికి కూడా చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది, ఏసీ ఆ వేడితోనే కొట్లాడుతుంది. తెలుపు ఎండని తిప్పికొడుతుంది. మన అవ్వాతాతలకి తెలిసిందే.

ఇవన్నీ మా తొమ్మిది మంది గొడవే అనుకోవద్దు. బిల్లు పెరిగితే నేను రూముకి వంద పెంచుతా, అది కట్టేది ఊర్ల నుంచి బస్సెక్కి వచ్చే కుటుంబాలు, వంద ఎక్కువైతే రూం వద్దనుకుని బస్టాండ్‌లో పేపర్ పరుచుకుని పడుకునేవాళ్ళని మీరూ చూసుంటారు. జిరాక్స్ అబ్బాయి కాపీకి అర్ధరూపాయి పెంచాడు, దరఖాస్తుల జనం తిట్టుకుంటా ఇస్తున్నారు. మెడికల్ షాపులో ఇన్సులిన్ ఫ్రిజ్ ఆపలేరు, అందుకని రెండో కుర్రాడిని మానిపించారు.

ఇంక మేం అడిగేది:

ఒకటి, అసలు కరెంట్ బిల్లు కాపీ ప్రతి నెలా మెట్ల దగ్గర బోర్డులో అతికించాలి. పైసా ఖర్చు లేని పని.

రెండు, హోర్డింగ్ లైట్లు ఈ నెలే మా కామన్ లైన్ నుంచి తీసేయాలి. పాత బాకీ గురించి మాట్లాడుకుందాం, కానీ ముందు తీయండి.

మూడు, మెట్ల లైట్లు మార్చేదానికి రాతపూర్వకంగా పర్మిషన్. ఖర్చు మేం పెడతాం, అడగం కూడా.

నాలుగు, సోలార్ వాటర్ హీటర్‌కి మిద్దె మీద జాగా. స్లాబ్ లీకైతే నాదే బాధ్యత అని స్టాంప్ పేపర్ మీద రాసిస్తా. దానికి బదులు, లీజు మధ్యలో ఖాళీ చేయమంటే మిగిలిన విలువ నాకు ఇవ్వాలి, లేదంటే విప్పుకుని పోనివ్వాలి. ఈ ఒక్క లైన్ అగ్రిమెంట్‌లో లేకనే ఊర్లో ఎంతోమంది బాడుగదారులు పెట్టుబడి పెట్టడం లేదు. ఇళ్ళకి ఇచ్చే సూర్యఘర్ సబ్సిడీ కరెంట్ పుట్టించే సోలార్ ప్యానెళ్ళకే, మా కమర్షియల్ వాళ్ళ వేడినీళ్ళకి అది రాదు, మొత్తం చేతి డబ్బే, 2025 సెప్టెంబర్‌లో సోలార్ హీటర్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5కి తగ్గడం ఒక్కటే ఊరట.

ఐదు, అడిగిన షాపులకి సొంత మీటర్‌కి ఎన్‌ఓసీ, అంటే మీకు అభ్యంతరం లేదనే కాగితం. ప్యానెల్ బోర్డు ఖర్చు అందరం పంచుకుంటాం. ఆ తర్వాత లోడ్ తగ్గించే అప్లికేషన్ మీద మీ సంతకం.

బాడుగ తగ్గించమని ఎక్కడా అడగలేదు, మీరు గమనించే ఉంటారు. బిల్డింగ్‌లో ఖర్చు తగ్గితే ఖాళీ షాపులు తొందరగా నిండుతాయి, మా బిల్డింగ్‌లో నాలుగో నంబర్ షాపులోకి ఒక బేకరీ అతను వచ్చాడు, కామన్ ఎంత అని అడిగాడు, విన్నాడు, పోయాడు. షట్టర్ దించుకుని ఆరు నెలలయింది. ఆ ఆరు నెలల బాడుగ పోయింది మాది కాదు.

వచ్చే నెల ఐదో తేదీకి బాడుగ ఇచ్చేటప్పుడు తొమ్మిది మందిమీ కలిసి వస్తాం, ఈ లేఖ ప్రింట్ తీసుకుని. అప్పటికీ జవాబు లేకపోతే కామన్ డబ్బుల్లోంచి హోర్డింగ్ వాటా పక్కన పెట్టి, మిగిలింది మాత్రమే కడతాం, లెక్క కాగితం జత చేసి. జవాబు సరే అని వస్తే మాత్రం ఇరవై పట్టీలు ఆ రోజే తెస్తాం, ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి పెట్టాను, ఆదివారం పొద్దున ఖాళీ అన్నాడు. స్టూల్ మా రిసెప్షన్ వెనకే ఉంది.

ఇట్లు,
బస్టాండ్ వెనక వీధి బాడుగదారుల తరఫున
ఒక లాడ్జి నడిపేవాడు, తిరుపతి